తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి కాలేజీలో వేయాలా?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రం పూట లెక్కల ట్యూషన్ నడుస్తుంది. రెండేళ్ల కిందట ఒక తండ్రి తన తొమ్మిదేళ్ల కొడుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పిల్లాడు చదివేది నాలుగో తరగతి, చేసేవి మాత్రం వాళ్ల అక్క మెట్రిక్ (పదో తరగతి) పుస్తకంలోని లెక్కలు. నేను నమ్మలేదు. పలక తీసుకుని x² − 7x + 12 = 0 అని రాసిచ్చాను. "మూడు, నాలుగు" అన్నాడు, పలక చేతిలోకైనా తీసుకోకుండా. సరే, ఇది చూచి నేర్చుకున్నది కావచ్చు అనుకుని 12 చెరిపి 11 పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "పూర్తి అంకెలు రావు మాస్టారూ. కానీ రెండూ కలిపితే ఏడు రావాలి కాబట్టి మూడున్నరకి అటూ ఇటూ ఒకే దూరంలో ఉండాలి కదా."

ముప్ఫై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ మాట నాకు ఇంతవరకు ఏ ప్లస్ టూ పిల్లాడూ తనంతట తాను చెప్పలేదు.

వారం తిరక్కుండానే తండ్రి అడిగాడు. "మాస్టారూ, వీణ్ణి వచ్చే ఏడు మెట్రిక్ కట్టించేద్దామా? పదేళ్లకి కాలేజీ, పదిహేనేళ్లకి డిగ్రీ అయిపోద్ది. ఇక్కడ ఒప్పుకోకపోతే పాతపట్నం పోయి ఆంధ్రా వైపు ట్రై చేద్దాం." మాకు ఇదొక సౌకర్యం, ఊరి చివరే రాష్ట్రం మారిపోతుంది, ఇక్కడి ప్లస్ టూ అక్కడ ఇంటర్ అవుతుంది. ఆయనకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడాదంతా దీని గురించే చదివాను.

బాలమేధావి అనే మాటని మనం వదులుగా వాడేస్తాం. పరిశోధకుల కొలత గట్టిది: పదేళ్లు నిండకముందే ఏదో ఒక విద్యలో, ఆ విద్య మీదే బతికే పెద్దవాళ్ల స్థాయికి చేరిన పిల్లలు. ఆ కొలతతో చూస్తే మా అరుగు మీది పిల్లాడు బాలమేధావి కాడు, తోటివాళ్ల కన్నా బాగా ముందున్న పిల్లాడు. పైగా ఇలాంటి పిల్లలు ఎక్కువగా కనిపించేది సంగీతం, చదరంగం, లెక్కల్లాంటి కొన్ని విద్యల్లోనే. వాటిలో నియమాలు ముందే ఉంటాయి. తగువు తీర్చడానికీ, రోగి ముఖం చూసి జబ్బు పట్టుకోడానికీ కొంత బతికి ఉండాలి, వర్గ సమీకరణానికి ఆ అవసరం లేదు.

మరి తలలో ఏం జరుగుతుంది? జోవాన్ రూత్‌సాట్జ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2012లో ఎనిమిది మంది బాలమేధావుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. వాళ్ల ఐక్యూలు 108 నుంచి 147 దాకా ఉన్నాయి, అంటే కొందరివి మామూలు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందరిలోనూ ఒకేలా కనిపించింది వర్కింగ్ మెమరీ, అందులో ఎనిమిది మందీ నూటికి తొంభై తొమ్మిది మంది కన్నా పైనే ఉన్నారు. వర్కింగ్ మెమరీ అంటే పాఠం బట్టీ పట్టే జ్ఞాపకం కాదు. కొట్లో పప్పు ధర, నూనె ధర, బెల్లం ధర మనసులో కూడుకుంటూనే కొట్టాయనతో బేరం కూడా ఆడతాం చూడండి, ఆ కాసేపు అంకెలన్నీ జారిపోకుండా పట్టి ఉంచే చోటు అది. మనకి నాలుగైదు సరుకులయ్యాక జారిపోతాయి. ఈ పిల్లలకి జారవు. సమీకరణం మొత్తం ఎదురుగా పెట్టుకుని చూస్తున్నట్టే ఉంటుంది కాబట్టి కాగితం అక్కర్లేదు.

ఇంకో అధ్యయనం నన్ను బాగా ఆలోచింపజేసింది. 2006లో ఫిలిప్ షా బృందం మూడొందల మందికి పైగా పిల్లల మెదళ్లని ఏళ్ల తరబడి స్కాన్ చేసి ఫలితాలు నేచర్ పత్రికలో వేసింది. బాగా తెలివైన పిల్లల్లో మెదడు పైపొర మొదట్లో పలచగా ఉండి, దాదాపు పదకొండేళ్ల దాకా మందం పెరుగుతూ పోయి, ఆ తర్వాతే వేగంగా పలచబడింది. మామూలు పిల్లల్లో ఆ పెరుగుదల అంతకన్నా ముందే ఆగిపోయింది. తెలివైన పిల్లాడి మెదడు ముందే పండిపోతుందని మనం అనుకుంటాం, నిజానికి అక్కడ కట్టడం ఎక్కువ కాలం నడుస్తోంది. ఇక కోపాన్ని ఆపుకోవడం, రేపటి పని ఈరోజే ఆలోచించుకోవడం లాంటివి చూసుకునే ముందుభాగం ఎవరికైనా ఇరవై దాటాక గానీ పూర్తిగా కుదురుకోదు.

దీని అర్థం నాకు ఒక ఆదివారం తెలిసింది. పిల్లాడికి పాత మెట్రిక్ పేపరు ఇచ్చి మూడు గంటలు టైమ్ పెట్టాను. నలభై నిమిషాలకే ఏడుపు మొదలుపెట్టాడు. జవాబులన్నీ తెలుసు. "చెయ్యి రావట్లేదు మాస్టారూ" అన్నాడు. తొమ్మిదేళ్ల వేళ్లు అవి, పెన్ను పట్టుకుని గంటల తరబడి రాయలేవు. లెక్కల్లో వాడి వయసు పదహారు, చేతిరాతలో తొమ్మిది, ఓడిపోతే ఏడవడంలో ఆరు. డిగ్రీ అంటే ఈ వయసులన్నిటినీ కట్టగట్టి ఒకే గదిలో కూర్చోబెట్టడం.

1909లో హార్వర్డ్‌లో ఇలాంటి పిల్లలు ఒకేసారి ఇద్దరున్నారు. విలియం సైడిస్‌కి పదకొండేళ్లు. తొమ్మిదేళ్లకే తండ్రి చేర్చబోతే చిన్నపిల్లాడని యూనివర్సిటీ ఆపింది. 1910 జనవరిలో నాలుగు మితుల (డైమెన్షన్ల) ఆకారాల మీద అక్కడి గణిత క్లబ్బులో ఉపన్యాసం ఇచ్చాడు, పత్రికలన్నీ రాశాయి. పదహారేళ్లకి డిగ్రీ తీసుకుని, తనకన్నా పెద్దవాళ్లకి పాఠం చెప్పే ఉద్యోగంలో చేరి, ఏడాది కూడా ఉండలేకపోయాడు. తర్వాత బతికినంత కాలం చిన్న గుమస్తా పనులు చేసుకుంటూ, ట్రాము టికెట్లు సేకరించుకుంటూ, విలేఖరులకి దొరక్కుండా తిరిగాడు. 1944లో, 46 ఏళ్లకి మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. రెండో వాడు నోర్బర్ట్ వీనర్. పదకొండేళ్లకి కాలేజీ, పద్నాలుగేళ్లకి డిగ్రీ, అక్కడినుంచి హార్వర్డ్. తండ్రి కఠినుడు, బాల్యం కష్టంగానే గడిచింది, అయినా పెద్దయ్యాక, యంత్రాలూ జీవులూ తమని తాము ఎలా అదుపు చేసుకుంటాయో చూసే సైబర్నెటిక్స్ అనే శాస్త్రానికి పునాది వేశాడు. సైడిస్ ఒక్కడి కథ చెప్పి తల్లిదండ్రుల్ని భయపెట్టడం నాకు నచ్చదు, పక్కనే వీనర్ కూడా ఉన్నాడు.

నాకు బాగా నచ్చింది టెరెన్స్ టావో ఇంటి పద్ధతి. ఆస్ట్రేలియాలో 1975లో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు అమెరికాలో కాలేజీకి వెళ్లేవాళ్లు రాసే సాట్ పరీక్ష లెక్కల భాగంలో 800కి 760 తెచ్చుకున్నాడు. తండ్రి పిల్లల డాక్టరు, తల్లి లెక్కలు, ఫిజిక్సు చెప్పిన టీచరు. వాళ్లకి కావాలంటే చిన్న వయసు డిగ్రీ రికార్డు చేతికి అందే దూరంలోనే ఉంది, కానీ ఆ దారిన పోలేదు. లెక్కలకి పెద్ద క్లాసులో, మిగతావాటికి చిన్న క్లాసులో కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్లకి యూనివర్సిటీలో లెక్కల క్లాసులు కొన్ని మొదలయ్యాయి, మిగతా రోజంతా స్కూల్లోనే. పూర్తిగా యూనివర్సిటీలో చేరింది పద్నాలుగేళ్లకి. 1988లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకం, 21 ఏళ్లకి ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ, 2006లో లెక్కల్లో అతి పెద్ద బహుమతుల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్. ఇంత తెలివి అందరికీ రాదు, నిజమే. మిగతా వయసుల్ని తొందరపెట్టకుండా లెక్కల వయసుకి మాత్రం తిండి పెట్టడం ఎవరైనా చేయొచ్చు.

అలాగని ముందుకు తోస్తే పిల్లలు పాడైపోతారన్న మాట కూడా నిజం కాదు. జూలియన్ స్టాన్లీ 1971లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన అధ్యయనం, లెక్కల్లో ముందున్న అయిదువేల మందికి పైగా పిల్లల్ని దశాబ్దాల పాటు వెంబడించింది. వాళ్లు యాభై ఏళ్లకి చేరాక మానసికంగా ఎలా ఉన్నారో చూసి 2021లో రాశారు: క్లాసులు దాటించినందువల్ల నష్టం కనిపించలేదు. మరి ముందున్న పిల్లాణ్ణి ఏళ్ల తరబడి తెలిసిన పాఠమే వినమని కూర్చోబెడితే? వాడు నేర్చుకునేది కష్టపడకుండా మార్కులు తెచ్చుకోవడం. మొదటిసారి నిజంగా కష్టమైన లెక్క ఎదురైనప్పుడు చేతులెత్తేస్తాడు. ఇది నేను చాలామందిలో చూశాను.

మన దేశంలో దారులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. బీహార్ భోజ్‌పూర్ జిల్లా నుంచి సత్యం కుమార్ 2013లో పదమూడేళ్లకే ఐఐటీలో సీటు సంపాదించాడు. డాక్టరు చదవాలంటే మాత్రం నీట్‌కి పదిహేడు నిండాల్సిందే, అది సరైన నిబంధనే. పట్నాకి చెందిన తథాగత్ అవతార్ తులసి పదేళ్లకి బీఎస్సీ, పన్నెండేళ్లకి ఎమ్మెస్సీ పూర్తి చేశాడు, బెంగళూరులో పీహెచ్‌డీ అయ్యేసరికి 21. పరీక్షలు తొందరగా రాసేయొచ్చు, పరిశోధనకి పట్టే కాలం పడుతుంది.

మా వైపు పిల్లలకి ఇంకో ముడి ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పై చదువుకి ఇంగ్లీషు. x² ఏ భాషలోనైనా ఒకటే కాబట్టి ఈ పిల్లాడు మా కంట పడ్డాడు. అదే తెలివి మాటల లెక్కల్లోనో, సైన్సులోనో ఉండి, ప్రశ్న పరాయి భాషలో వస్తే? కొండల మీది సవర పిల్లల్లో ఎంతమంది అలా మరుగున పడిపోతున్నారో అనిపిస్తుంది. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో మాస్టారిగా ఉన్న రోజుల్లోనే సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

తండ్రికి చివరికి ఇలా చెప్పాను: బడి మాన్పించొద్దు, మెట్రిక్ ఇప్పుడే కట్టించొద్దు, లెక్కలు ఆపొద్దు. ఆయనకి మొదట నచ్చలేదు. ఇప్పుడు పిల్లాడికి పదకొండు. లెక్కల పిరియడ్‌లో బళ్లో వేరే పుస్తకం చేసుకోడానికి టీచరమ్మ ఒప్పుకున్నారు. వారానికి మూడు సాయంత్రాలు నా దగ్గరికి వస్తాడు, మిగతా సాయంత్రాలు మహేంద్రతనయ ఒడ్డున క్రికెట్టు. రోజూ ఒక పేజీ చేతిరాత.

మొన్న శనివారం నోటు పుస్తకం తెచ్చి చూపించాడు. 5 అంటే 1, 4 కలిపితే వస్తుంది. 13 అంటే 4, 9. 17 అంటే 1, 16. 29 అంటే 4, 25. ప్రధాన సంఖ్యల్లో నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలేవన్నీ ఇలా రెండు వర్గాలు కలిపితే వస్తున్నాయి, మూడు మిగిలేవి ఒక్కటీ రావట్లేదు, ఎందుకు మాస్టారూ అని అడిగాడు. వందలోపు అన్నీ తనే వేసి చూసుకున్నాడు. మూడు మిగిలేవి ఎందుకు రావో సరి, బేసి వర్గాలతో అక్కడే కూర్చుని చూపించాను. మిగతా సగానికి నిరూపణ పెద్దది, నాకు గట్టిగా రాదు. కాలేజీలో లెక్కలు చెప్పే స్నేహితుడికి ఫోన్ చేశాను, ఆదివారం పొద్దున్న తీసుకురమ్మన్నాడు.