పార్లమెంటులో ఒక రోజు పని: పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

టీవీలో పార్లమెంటు అనగానే మీకు కనిపించేవి ప్లకార్డులు, అరుపులు, "కూర్చోండి, కూర్చోండి" అంటున్న స్పీకరుగారు. ఆ అరుపుల వెనక రోజూ ఒక కాగితం ఉంటుంది. ఆ రోజు సభ ఏ పని తరవాత ఏ పని చెయ్యాలో దాని మీద అంకెలు వేసి వరుసగా రాసి ఉంటుంది. హిందీలో దాన్ని కార్యసూచి అంటారు. మనం పనుల జాబితా అనుకుందాం. అది చదవడం వస్తే సభలో ఏం జరుగుతోందో, ఏది జరగకుండా పోయిందో మీకే తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

జాబితా తయారు చేసేది లోక్‌సభ సెక్రటరీ జనరల్. అందులో లేని పని స్పీకరు అనుమతి లేకుండా సభలోకి రాదు. ఏ బిల్లుకు ఎన్ని గంటలు ఇవ్వాలో ముందే ఒక సంఘం కూర్చుని లెక్క వేస్తుంది. దాన్ని సభా వ్యవహారాల సలహా సంఘం అంటారు. స్పీకరే అధ్యక్షులు, సభ్యులు 15 మందికి మించరు. ఒక బిల్లుకు మూడు గంటలు అనుకుంటే ఆ మూడు గంటలూ పార్టీల బలాన్ని బట్టి పంచుకోవాలి. పెద్ద పార్టీకి గంటలు దొరికితే చిన్న పార్టీ సభ్యుడికి దొరికేవి నిమిషాలే. మాట్లాడుతుండగానే బెల్లు మోగడం మీరు చూసే ఉంటారు. అది ఈ లెక్క వల్లే.

సభ మామూలుగా ఉదయం 11 గంటలకు మొదలై, మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా భోజనానికి ఆగి, సాయంత్రం 6 దాకా నడుస్తుంది. కూర్చోవాలంటే పదోవంతు మంది ఉండాలి. లోక్‌సభ స్థానాలు 543 కాబట్టి కనీసం 55 మంది. దీన్నే కోరం అంటారు. అంతమంది లేకపోతే గంట మోగించి, లాబీల్లో ఉన్నవాళ్ళు వచ్చేదాకా ఆగాలి. కొత్తగా గెలిచినవారు ఉంటే ముందు ప్రమాణం. ఎవరైనా మాజీ సభ్యులు కాలం చేస్తే వారికి నివాళి. ఆ వెంటనే ప్రశ్నోత్తరాలు.

ఈ ప్రశ్నోత్తరాల గంట గురించి కాస్త నిదానంగా చెబుతాను. రోజు మొత్తంలో ఒడిశాలోని మన పర్లాకిమిడిలాంటి మారుమూల ఊళ్ళకు ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా ఇస్తే చాలు. లోక్‌సభలో రోజుకు నక్షత్రం ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230. అడగాలనుకునేవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఎవరిది ముందో లాటరీ తీసి తేలుస్తారు. ఒక సభ్యుడి పేరున ఒక రోజుకు 5 ప్రశ్నలకు మించి రావు, వాటిలో నక్షత్రం గుర్తుది ఒక్కటే. మంత్రిత్వ శాఖలను అయిదు గుంపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా తలా ఒక రోజు కేటాయిస్తారు. కాబట్టి రైల్వే ప్రశ్నను ఏ రోజంటే ఆ రోజు అడగడం కుదరదు, రైల్వే వంతు వచ్చిన రోజే అడగాలి.

స్పీకరుగారు పేరు పిలుస్తారు. సభ్యుడు లేచి ప్రశ్న సంఖ్య మాత్రం చెబుతాడు. మంత్రి లేచి "జవాబు సభ ముందు ఉంచాను" అంటారు. ఇద్దరూ కాగితం చదవరేమిటా అని మీకు అనుమానం రావచ్చు. జవాబు అప్పటికే అచ్చయి అందరి చేతికీ వచ్చి ఉంటుంది. అసలు పరీక్ష ఆ తరవాత మొదలవుతుంది. అడిగిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు వేసే హక్కుంది. అచ్చయిన జవాబులో ఎక్కడ దాటేశారో పట్టుకుని అక్కడే అడగాలి. ఇది మంత్రికి ముందుగా తెలియని ప్రశ్న. అధికారులు తమ గ్యాలరీలోంచి చీటీలు అందిస్తారు గాని, నోరు విప్పి చెప్పాల్సింది మంత్రే.

గంటలో 20 ప్రశ్నలూ అయిపోవు. చాలా రోజుల్లో నాలుగో అయిదో నోటి జవాబు దాకా వస్తాయి. మిగతా వాటి జవాబులు సభ ముందు ఉంచినట్టు లెక్క వేస్తారు. గొడవ జరిగి గంటంతా వాయిదా పడితే 20కి 20 అలాగే పోతాయి. జవాబులు అచ్చులో దొరుకుతాయి, నిజమే. కాని అనుబంధ ప్రశ్నలు పోయాయి, మంత్రిని నిలదీసే అవకాశం పోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. 2020 సెప్టెంబరులో కరోనా పేరు మీద ఆ సమావేశాలకు ప్రశ్నోత్తరాల గంటను పూర్తిగా తీసేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం ఇచ్చారు. ఆ రెండింటికీ తేడా ఇప్పుడు మీకు తెలుసు.

ప్రశ్న రాయడం కూడా ఒక పనితనమే. మన నౌపడా–గుణుపురం రైలు మార్గాన్నే తీసుకుందాం. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలుగా మొదలైన ఆ మార్గం తరవాత బ్రాడ్‌గేజ్ అయింది. రైల్వే కేంద్రం చేతిలో ఉన్న విషయం కాబట్టి పార్లమెంటులో అడగవచ్చు. ఒకరు ఇలా రాశారనుకోండి:

"(అ) పర్లాకిమిడి ప్రయాణికులు రైళ్ళు చాలక ఇబ్బంది పడుతున్నారన్న సంగతి ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? (ఆ) వచ్చి ఉంటే తీసుకున్న చర్యలేమిటి?"

దీనికి జవాబు ఒక్క ముక్కలో వస్తుంది: "(అ) లేదండీ. (ఆ) ప్రశ్న ఉదయించదు." అయిపోయింది. మొదటి ప్రశ్నకు "లేదు" అనే దారి ఇచ్చింది మనమే, రెండోదాన్ని దానికి కట్టేసిందీ మనమే. అదే ఇలా రాస్తే:

"(అ) గత 3 సంవత్సరాల్లో నౌపడా–గుణుపురం మార్గంలో రోజుకు ఎన్ని ప్యాసింజరు రైళ్ళు నడిచాయి, ఏడాదివారీగా? (ఆ) కొత్త రైళ్ళ కోసం వచ్చిన వినతులు ఎన్ని? (ఇ) ఒక్కొక్క దాని మీద ఏ తేదీన ఏ నిర్ణయం తీసుకున్నారు?"

ఇప్పుడు అంకె చెప్పక తప్పదు. అంకె ఒకసారి సభ రికార్డుకు ఎక్కితే రేపు ఎవరూ కాదనలేరు.

ప్రశ్నలో 150 మాటలు దాటకూడదు. వాదన, ఎత్తిపొడుపు, నిందలు ఉండకూడదు. "ఇలా జరిగితే ఏం చేస్తారు" అన్న ఊహాప్రశ్నలు చెల్లవు. రాష్ట్రానికి చెందిన విషయం అయితే తిప్పి పంపుతారు. మన మునిసిపాలిటీ కుళాయిలో నీళ్ళు రాకపోతే అడగవలసిన చోటు ఢిల్లీ కాదు. వంశధార నీళ్ళ పంపకం మాత్రం రెండు రాష్ట్రాల మధ్య నది విషయం, అది కేంద్రం దాకా వెళుతుంది. కోర్టు విచారణలో ఉన్న విషయాల మీద కూడా ప్రశ్న అడగరాదు. కొరాపుట్ సరిహద్దులో కోటియా గ్రామాలు ఒడిశావా ఆంధ్రావా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటివి కోర్టు ముందు నడుస్తున్నంత కాలం ఈ నియమం అడ్డు వస్తుంది.

"సమాచారం సేకరిస్తున్నాం", "పరిశీలనలో ఉంది" అని మంత్రులు అంటుంటారు. తప్పించుకునే మాటల్లా వినిపిస్తాయి కదా. సభ వాటిని హామీలుగా రాసుకుంటుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరాయా లేదా అని చూడడానికి ప్రభుత్వ హామీల సంఘం అని 15 మందితో ఒకటి ఉంది. గడువు దాటినవాటి గురించి అది శాఖను పిలిచి అడుగుతుంది.

పన్నెండు గంటలకు జాబితాలో "సభ ముందు ఉంచే పత్రాలు" అని ఒక అంశం వస్తుంది. మంత్రులు ఒకరి తరవాత ఒకరు లేచి, ఫలానా నివేదిక ఉంచుతున్నాను అని ఒక వాక్యం చెప్పి కూర్చుంటారు. చూడడానికి ఇంతకంటే చప్పగా ఉండేది లేదు. టీవీ చూసేవాళ్ళు ఇక్కడే చానల్ మారుస్తారు. మీరు మార్చకండి. రాజ్యాంగం 350ఎ అధికరణం ఏం చెబుతుందంటే, భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న కుటుంబాల పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో చదువుకునే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా చదివే మీలాంటి పిల్లల గురించే ఆ మాట. దాని పక్కనే ఉన్న 350బి ప్రకారం ఇలాంటి రక్షణలు అమలవుతున్నాయో లేదో చూడడానికి ఒక కమిషనర్ ఉండాలి, ఆయన నివేదికలు పార్లమెంటు ఉభయసభల ముందు ఉంచాలి. ఈ రెండు అధికరణాలూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. ఆ నివేదిక సభలోకి వచ్చేది ఈ చప్పటి అంశంలోనే, ఒక్క వాక్యంతో. సభ ముందు ఉంచాక అది అందరూ చదవగల పత్రం. అందులో ఒడిశా గురించి ఏం రాశారో చూసి దాని మీద ప్రశ్న వేయవచ్చు.

ఆ తరవాత జీరో అవర్. ఇది నియమాల పుస్తకంలో లేదు, వాడుకలో స్థిరపడింది. అప్పటికప్పుడు వచ్చిన అత్యవసర విషయాన్ని సభ్యులు రెండు మూడు నిమిషాల్లో చెబుతారు. తుఫానులో ఇళ్ళు పడిపోయాయి, రోడ్డు తెగిపోయింది, అలాంటివి. మంత్రి అక్కడే జవాబు చెప్పాలన్న నిర్బంధం లేదు. 377వ నియమం కింద చెప్పేది ఇంకొక పద్ధతి. ముందే రాసిచ్చిన 250 మాటలకు మించని విషయాన్ని చదవడమో, సభ ముందు ఉంచడమో చేస్తారు. దీనికి తరవాత శాఖ నుంచి రాతపూర్వక జవాబు వస్తుంది. ప్రశ్నల లాటరీలో పేరు రాని సభ్యుడికి ఇది మంచి దారి.

భోజనం తరవాత ఎక్కువగా బిల్లులు. ముందు బిల్లు మొత్తం మీద చర్చ, తరవాత ఒక్కొక్క క్లాజుకూ సవరణలతో సహా ఓటు, చివరికి బిల్లును ఆమోదించాలన్న తీర్మానం. ఒక వింత చూడండి: మొదటి క్లాజును చివర్లో తీసుకుంటారు. అందులో చట్టం పేరు, అమలు సంగతి ఉంటాయి కాబట్టి మిగతాదంతా తేలాకే అది తేలుతుంది.

ఓటు ముందు నోటితోనే. స్పీకరు అడిగితే ఒప్పుకునేవారు "హా" అంటారు, కాదనేవారు "నా" అంటారు. ఏ పక్షం గొంతు పెద్దదో విని స్పీకరు నిర్ణయం చెబుతారు. మన పత్రికల్లో మూజువాణి ఓటు అని రాసేది ఇదే. ఎవరైనా ఒప్పుకోక లెక్కించమంటే డివిజన్. మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, ఆ తరవాత తలుపులు మూసేస్తారు. బయట ఉండిపోయినవారికి ఓటు లేదు. రాజ్యాంగ సవరణకు మూజువాణి చెల్లదు, తలలు లెక్కపెట్టాల్సిందే. ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకున్నవారు మొత్తం సభ్యుల్లో సగానికి మించి కూడా ఉండాలి. 543 మంది సభలో అది 272. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో చీటీల మీద ఓట్లు వేశారు. 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు.

శుక్రవారం చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులవి. వాళ్ళు సొంతంగా తెచ్చిన బిల్లులు ఒక వారం, తీర్మానాలు ఒక వారం.

రాజ్యసభలో వరుస కొంచెం వేరు. 2014 నుంచి అక్కడ జీరో అవర్ 11 గంటలకు, ప్రశ్నలు 12కు. రాజ్యసభకు అధ్యక్షులు ఉపరాష్ట్రపతి. 1967 నుంచి 1969 దాకా ఆ కుర్చీలో కూర్చున్నది మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు. 1952 మొదటి ఎన్నికల్లో ఆయన లోక్‌సభకు గెలిచింది మనకు పక్కనే ఉన్న పాతపట్నం నుంచి. హిందీ, ఇంగ్లీషు రాని సభ్యుడు మాతృభాషలో మాట్లాడడానికి 120వ అధికరణం కింద సభాధ్యక్షులు అనుమతి ఇవ్వవచ్చు. ముందుగా చెప్పిపెడితే తెలుగు ప్రసంగానికి అనువాదకులు ఉంటారు.

జాబితా, ప్రశ్నలు, జవాబులు అన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. సమావేశాలు నడుస్తున్నప్పుడు సంసద్ టీవీ పెట్టుకుని జాబితా చేతిలో ఉంచుకోండి, ఒక్కొక్క అంకె అయిపోగానే టిక్కు పెట్టండి. సాయంత్రానికి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

పర్లాకిమిడి, మోహన, చికిటి పిల్లలు బరంపురం లోక్‌సభ నియోజకవర్గం కిందికి వస్తారు. గుణుపురం, రాయగడ, జయపురం పిల్లలు కొరాపుట్ కిందికి. మీ బడి గురించో, రైలు గురించో పైన చెప్పిన పద్ధతిలో ప్రశ్న రాసి మీ ఎంపీ గారి కార్యాలయానికి పంపండి. గడువు ఒకటి గుర్తుంచుకోండి. జవాబు రావలసిన రోజుకూ నోటీసు ఇచ్చిన రోజుకూ మధ్య నిండా 15 రోజులు ఉండాలి, ఆ రెండు రోజులూ లెక్కలోకి రావు. డిసెంబరు 20న జవాబు కావాలంటే సభ్యుడు 4వ తేదీకే ఇచ్చెయ్యాలి. ఆయన చదివి, సరిచూసి, సంతకం పెట్టడానికి వారం వేసుకుంటే మీ ఉత్తరం నవంబరు 27 కల్లా అక్కడికి చేరాలి.

మీ తాతయ్య