నాలుగో స్లాబ్ పడ్డాక అక్రమ కట్టడంపై ఫిర్యాదు ఎందుకు నిలవదు

హైదరాబాద్‌లో కాలనీ సంక్షేమ సంఘానికి ఉన్నది రిజిస్ట్రేషన్ కాగితం, రబ్బరు స్టాంపు. 2001 సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం చందాలు వసూలు చేసుకోవచ్చు, వాచ్‌మన్‌ను పెట్టుకోవచ్చు. పక్క ప్లాటువాళ్లు హద్దుగోడ దాకా పిల్లర్లు లేపుతుంటే మాత్రం ఆపే అధికారం లేదు. అపార్ట్‌మెంట్లకు 1987 నాటి ప్రత్యేక చట్టముంది. విడి ఇళ్ల కాలనీకి అదీ అక్కరకు రాదు.

అధికారమంతా 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో ఉంది. ఇల్లు కట్టేముందు 428 సెక్షన్ కింద కార్పొరేషన్‌కు తెలియజేయాలి. మీరితే 452 కింద షోకాజ్ నోటీసు, జవాబు సరిపోకపోతే 636 కింద కూల్చివేత. ఖర్చు యజమానిదే.

ఇంత స్పష్టంగా ఉన్న చట్టాన్ని బలహీనపరిచింది క్రమబద్ధీకరణే. 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ నగరపాలికతో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్, అంటే జీహెచ్‌ఎంసీ అయ్యాయి. ఆ ఏడాదే బీపీఎస్ (భవన జరిమానా పథకం) వచ్చింది: డిసెంబర్ 15కు ముందు కట్టినవాటికి రుసుము తీసుకుని మాఫీ. 2015లో అక్టోబర్ 28 గడువుతో బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) పేరిట మళ్లీ అదే. అది హైకోర్టులో చిక్కుకుంది. నిబంధన ప్రకారం జాగా వదిలినవాళ్లే నష్టపోయారన్న భావం అప్పటినుంచే పాతుకుపోయింది. అక్రమ అంతస్తుకు వేసే రెట్టింపు ఆస్తిపన్నును చాలామంది అనుమతిగా చూపిస్తారు. పన్ను రసీదు అనుమతి కాదు.

2006 భవన నియమాల్లో ఒక మంచి పట్టు దొరికింది. కట్టడంలో 10 శాతాన్ని కార్పొరేషన్‌కు హామీగా రాసివ్వాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారన్న ధ్రువపత్రం) వచ్చాకే విడుదల. 2012 నాటి జీవో 168 దాన్నే కొనసాగించింది, చిన్న ఇళ్లకు మినహాయింపు ఇచ్చింది. అతిక్రమణలు ఎక్కువగా కనిపించేది ఆ చిన్న ఇళ్లలోనే. పైగా 2020లో ఆన్‌లైన్ అనుమతుల విధానం టీఎస్‌-బీపాస్ వచ్చాక 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి. కట్టకముందు జరిగే తనిఖీ తగ్గిపోయింది. గమనించాల్సిన భారం ఇరుగుపొరుగు మీద పడింది.

అందుకే సమయం ముఖ్యం. 200 గజాల ప్లాటులో సాధారణంగా ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ (సెట్‌బ్యాక్) వదలాలి, ఎత్తు 10 మీటర్లు మించకూడదు. పునాది గుంతలు తవ్వేటప్పుడే టేపు పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. శాంక్షన్ ప్లాన్ (మంజూరైన నక్షా) నకలును సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే అప్పటికి ఒక స్లాబ్ పడిపోవచ్చు కాబట్టి ఫిర్యాదును ఆపకండి. సర్కిల్ టౌన్ ప్లానింగ్ విభాగానికిచ్చే ఫిర్యాదులో అనుమతి నంబరు, కొలతలు, తేదీ ఉన్న ఫొటోలు ఉండాలి, రసీదు తీసుకోవాలి. 2024 జులైలో ఏర్పడ్డ హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ప్రధానంగా చూసేది చెరువులు, పార్కులు, ప్రభుత్వ స్థలాలు. ప్రైవేటు ప్లాటు సెట్‌బ్యాక్‌కు అది సరైన గడప కాదు.

2024 నవంబర్ 13 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు తప్పదు. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువుల మీది కట్టడాలకు ఇది వర్తించదు. ఆ 15 రోజుల్లో యజమాని సివిల్ కోర్టుకెళ్లి స్టేటస్ కో (యథాతథ స్థితి ఉత్తర్వు) తెచ్చుకుంటే కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. నోటీసు వెళ్లిందని తెలియగానే కోర్టులో కేవియట్ (ముందుజాగ్రత్త అర్జీ) వేస్తే ఫిర్యాదుదారు వాదన వినకుండా ఉత్తర్వు రావడం కష్టం. అది 90 రోజులే చెల్లుతుంది, తర్వాత మళ్లీ వేయాలి.