బీటా ముగిసింది, పాత బిల్లులు ఎవరివి?

ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరున్న ఒడిశా పట్టణాలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల వ్యాపారుల్లో మళ్లీ రాజుకున్న గొడవ చందా ఎంతన్న దాని గురించి కాదు. వాళ్లు ఏళ్ల తరబడి ఉచితంగా వాడిన ఒక బిల్లింగ్ సేవ బీటా దశ, అంటే జనం చేత వాడించి లోపాలు సరిచూసుకునే పరీక్ష దశ, ముగించి చందా పథకాలు ప్రకటించింది. కట్టనివారు కొత్త బిల్లు వేయలేరు. దీనికి పెద్దగా అభ్యంతరం లేదు. పాత బిల్లులను దించుకునే వీలు కూడా చందాదారులకే అన్న షరతు దగ్గర పేచీ మొదలైంది.

ఇంటర్నెట్‌లో ఉచిత సేవలు ఎలా పెరిగాయో పాఠకులకు తెలిసిందే. ఈ తగాదా అర్థం కావాలంటే 2009 జులై 7 దగ్గర ఆగాలి. గూగుల్ ఆ రోజు జీమెయిల్ మీది బీటా ముద్ర తీసేసింది. 2004 ఏప్రిల్ 1న వచ్చిన ఆ సేవను అప్పటికే కోట్ల మంది వాడుతున్నారు, అయినా ఐదేళ్లకు పైగా అది పరీక్ష దశలో ఉన్నట్టే లెక్క. ముద్ర తీయడానికి గూగుల్ చెప్పిన కారణంలో సాంకేతికత పాలు తక్కువ. జీమెయిల్ కూడా ఉన్న తమ ఆఫీసు సేవల కట్ట ‘గూగుల్ యాప్స్’ను డబ్బు పెట్టి కొనాల్సిన పెద్ద సంస్థలు బీటా అని చూసి వెనకాడుతున్నాయన్నది అసలు సంగతి. పరీక్ష ఏ రోజుతో ముగియాలో అమ్మకాల అవసరం తేల్చింది. వాడేవారి అవసరం ఆ లెక్కలోకి రాలేదు. తర్వాత వచ్చిన కంపెనీలు చాలావరకు ఇదే దారి పట్టాయి.

అదే గూగుల్ 2012 డిసెంబరు 6న తన యాప్స్ ఉచిత ఎడిషన్‌ను కొత్తవారికి ఆపేసింది, పాతవారిని కదిలించలేదు. 2022 జనవరిలో వాళ్లనూ డబ్బు కట్టమంది. ఆగ్రహం పెల్లుబికాక, వ్యాపారానికి కాకుండా సొంతానికి వాడుకునేవారికి ఉచితంగానే ఉంచుతామని కొన్ని నెలల్లోనే దిగివచ్చింది. ఈ దారి దుకాణదారులకు పనికిరాదు. వాళ్లది వ్యాపారమే.

సరిహద్దు వ్యాపారి ఈ సేవకు ఎందుకు అంతగా అలవాటుపడ్డాడో కూడా చెప్పాలి. పర్లాకిమిడిని ఆనుకునే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం ఉంది. ఒడిశాలో సరుకు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల రూపాయలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు రాష్ట్రం బయటికి సరుకు అమ్మకూడదు. ఊళ్లో అమ్మితే కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ, రాష్ట్రం అవతలికి పంపితే రెండింటి బదులు ఐజీఎస్టీ. నమోదు లేని కొనుగోలుదారు విషయంలో బిల్లు మీది చిరునామాను బట్టి పన్ను తేలుతుందని 2023 అక్టోబరు 1 నుంచి మరో నిబంధన వచ్చింది. కటక్‌లోని చిల్లర దుకాణానికి అరుదుగా ఎదురయ్యే ఈ చిక్కు ఇక్కడి కిరాణా, ఎరువుల అంగళ్లకు రోజువారీ పని. పన్ను తప్పుగా పడిన బిల్లులను చూపించి సాఫ్ట్‌వేర్‌ను సరిచేయించింది వీళ్లే. బీటా అంటే అదే కదా! ఆ శ్రమకు ఎవరూ వెల కట్టలేదు.

కంపెనీ వాదన కొట్టిపారేయదగింది కాదు. సర్వర్లకు, సిబ్బందికి ఖర్చుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు అన్నీ తిరగరాయాల్సి వచ్చింది. బీటాలో ఏ హామీ ఇవ్వలేదని షరతుల్లో రాసే ఉందంటోంది.

కంపెనీ హామీ ఇవ్వకపోయినా చట్టం వ్యాపారికి మినహాయింపు ఇవ్వలేదు. సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కల పుస్తకాలు భద్రపరచాలి. కంప్యూటర్‌లో ఉంచినవాటికి నకలు తీసిపెట్టుకోవాలని నిబంధనలు చెబుతున్నాయి. అధికారి అడిగితే చూపించాల్సింది దుకాణదారు, సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు. ఉచిత కాలంలో వేసిన బిల్లుకూ ఇదే వర్తిస్తుంది. కొత్త బిల్లుకు చందా అడగడం వ్యాపారం. చట్టం దాచమన్న కాగితాన్ని బీరువాలో పెట్టి తాళానికి వెల చెప్పడం వేరే పని.

వ్యాపారులు ఇప్పుడు రెండే అడుగుతున్నారు: బీటా కాలపు బిల్లులన్నీ ఎక్సెల్‌లోనో పీడీఎఫ్‌లోనో రుసుము లేకుండా ఇవ్వడం, అవి చేతికి అందేదాకా ఖాతాలు మూయకపోవడం. కంపెనీ చందా గడువును పొడిగించింది కానీ బిల్లుల సంగతి ఎత్తలేదు.