స్కూలు నాటకంలో త్యాగం ఎక్కడుంది? అపోహలు - వాస్తవాలు

కడపలో స్కూలు పిల్లలతో సంగీత నాటకాలు వేయిస్తుంటాను. ఈసారి యానివర్సరీకి విక్టర్ హ్యూగో 1862 నాటి నవల ‘లె మిజరబుల్స్’ కథ తీసుకున్నాం. ఇదే కథతో వచ్చిన నాగయ్య గారి ‘బీదలపాట్లు’ సినిమా అంటే పెద్దవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. రిహార్సల్స్ మొదలయ్యాక నా చెవిన పడ్డ మాటలివి.

అపోహ: క్రైస్తవ ప్రేమ చూపించాలంటే స్టేజీ మీద సిలువో, ఏసు వేషమో ఉండాలి.

వాస్తవం: ఎవరి కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారో చూడండి, చాలు. రొట్టె దొంగతనంతో మొదలై 19 ఏళ్లు జైల్లో మగ్గిన జా వల్జా, తనకు అన్నంపెట్టి పడకిచ్చిన బిషప్ ఇంట్లోనే వెండి సామాను ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టుకొస్తే బిషప్, ‘అవి నేనిచ్చినవే, ఈ వెండి కొవ్వొత్తి స్టాండ్లు మర్చిపోయావేం?’ అంటాడు. మా బిషప్ కుర్రాడు ప్రైజులు పంచే చీఫ్ గెస్టులా నవ్వుతూ ఇచ్చేశాడు. నవలలో అవి ఆయనకు వారసత్వంగా వచ్చినవి, ఇంట్లో మిగిలిన కాస్త వెండి అదే. ‘ఇచ్చే ముందు ఒక్కసారి వాటి వంక చూడు నాయనా’ అన్నాను. ఆ చూపుతో సీను నిలబడింది. క్షమాపణ తీసుకునేవాడికి ఉచితమే, ఇచ్చేవాడికి కాదు.

అపోహ: ప్రాణం పోతేనే త్యాగం.

వాస్తవం: పిల్లలకు చావు సీన్లంటే మహా సరదా, తూటా తగిలి పడిపోవడానికి పోటీలు పడతారు. నాకైతే కోర్టు సీనే గొప్పది. వల్జా పేరు మార్చుకుని మేయరవుతాడు. అతననుకుని పోలీసులు ఇంకెవరినో బోనెక్కిస్తారు. నోరు మెదపకపోతే వల్జా బతుకు హాయిగా సాగిపోతుంది. వెళ్లి ‘ఆ ఖైదీని నేనే’ అంటాడు. పదవి, పరువు, స్వేచ్ఛ అన్నీ పోతాయి. క్రీస్తు తన్ను తాను రిక్తునిగా (అన్నీ వదులుకున్నవాడిగా) చేసుకున్నాడని బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో చదివినవాళ్లకు ఈ సీను విప్పి చెప్పక్కర్లేదు. అలాగని వల్జాను క్రీస్తును చేసేయకండి. అతను క్షమ పొందిన మనిషి, పొందినదాన్ని పంచుతున్నాడు.

అపోహ: ఇది చర్చిని పొగిడే నాటకం.

వాస్తవం: ఈ నవలను 1864లో నిషిద్ధ గ్రంథాల జాబితాలో పెట్టింది కాథలిక్ చర్చే.

అపోహ: క్రైస్తవులు కానివాళ్లకు ఎక్కదు.

వాస్తవం: 1885లో సురభి నాటకం పుట్టింది మన జిల్లాలోనే. హరిశ్చంద్ర కాటిసీనుకు తెల్లవార్లూ కూర్చున్న జనం మనవాళ్లు. తేడా లేకపోలేదు. హరిశ్చంద్రుడు ఇచ్చిన మాట కోసం పోగొట్టుకుంటాడు, వల్జా ముక్కూమొహం తెలియనివాడి కోసం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పిల్లల్నే మాట్లాడనివ్వండి. మనం ఉపన్యాసమిస్తే చెడిపోతుంది.

అపోహ: స్కూల్లో వేస్తే హక్కులతో పనిలేదు.

వాస్తవం: ఇదే కథతో 1980లో పారిస్‌లో మొదలై, 1985లో లండన్‌కు ఇంగ్లీషులో వచ్చిన మ్యూజికల్ (సంగీత నాటకం) పాటలు వాడాలంటే లైసెన్స్ తీసుకోవాల్సిందే, తెలుగు చేసి పాడినా అంతే. హ్యూగో 1885లోనే పోయారు కాబట్టి మూల నవలకు ఆ ఇబ్బంది లేదు. మేం నవల నుంచే స్క్రిప్టు రాసుకుని, కీబోర్డు, తబలా పెట్టుకుని పాటలు సొంతంగా కట్టుకున్నాం. ఈమధ్య వచ్చిన అనువాదాల్లోంచి మాత్రం డైలాగులు ఎత్తకండి, వాటికి వేరే హక్కులుంటాయి.