నివురు కమ్మాకే వంట: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

కార్తీక వనభోజనాలకు తోటకు వెళ్తూ మడత గ్రిల్లు కూడా తీసుకెళ్తామని రాశారు. సంతోషం. పెట్టెలా ముడుచుకునే ఆ గ్రిల్లు మన పాత కుంపటికి వరసకు తమ్ముడే. కుంపటి మీద గిన్నె పెట్టి వండేవాళ్ళు, దీనిలో ఊచల జాలీ మీద పొత్తో దుంపో నేరుగా పెడతాం. నిప్పు స్వభావం మాత్రం రెండింట్లోనూ ఒకటే.

‘నివురు గప్పిన నిప్పు’ అనే మాట వినే ఉంటారు. మండే బొగ్గు మీద కమ్మే తెల్లటి బూడిద పొరే నివురు. గ్రిల్లులో అది మీకు రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిసారి కనిపిస్తే వంట మొదలుపెట్టవచ్చని అర్థం. రెండోసారి, అందరూ తిన్నాక కనిపించేదే మోసం చేస్తుంది.

ముందు బొగ్గు సంగతి. కట్టె కాల్చి చేసిన బొగ్గే కొనండి. సర్కారు తుమ్మ బొగ్గయినా, కొబ్బరి చిప్పల బొగ్గయినా బాగుంటుంది. గనుల్లో తవ్వే రాతి బొగ్గు వంటకు పనికిరాదు, దాని పొగలో గంధకం ఉంటుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు అసలు వేయకండి. అడుగున్నర పొడవున్న గ్రిల్లుకు కిలో బొగ్గు చాలు.

భోజనాలు ఉసిరి చెట్టు కిందే అయినా గ్రిల్లు మాత్రం ఆ కొమ్మల కింద వద్దు. ఎండుగడ్డికీ, టెంటుకూ కనీసం పది అడుగుల దూరంలో చదునైన మట్టి నేల చూసుకోండి. పక్కన ఒక బకెట్ నీళ్ళు తప్పనిసరి. రిజర్వు అడవిలో మాత్రం నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం, అక్కడికి గ్రిల్లు తీసుకెళ్ళనే వద్దు.

వెలిగించడం పెద్దవాళ్ళ పని. మీరు పక్కన నిలబడి చూడండి. బొగ్గును గుట్టగా పోసి, మధ్యలో కాగితం ఉండలు పెట్టి, గాలి కంతలన్నీ తెరిచి వెలిగించాలి. వేడిగాలి పైకి లేస్తూ కింది నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది, అందుకే పరిచిన బొగ్గు కన్నా గుట్ట తొందరగా రాజుకుంటుంది. విసనకర్రతో విసరాలంటే పక్క కంతల దగ్గర విసరాలి. పైనుంచి విసిరితే బూడిద లేచి కళ్ళలో పడుతుంది. పెట్రోలు, కిరోసిను ఎవరు పోయబోయినా ఆపండి. పోస్తున్న ధార వెంబడే మంట డబ్బాలోకి ఎగబాకగలదు. శానిటైజరు ఇంకా ప్రమాదం, పట్టపగలు దాని మంట సరిగా కనిపించదు కూడా.

ఇరవై నిమిషాల నుంచి అరగంట ఓపిక పట్టాలి. ముందు దట్టమైన పొగ వస్తుంది, తర్వాత మంట లేస్తుంది, ఆ తర్వాత మంట తగ్గి బొగ్గు అంచుల నుంచి తెల్లబడుతుంది. అన్నీ తెల్లబడ్డాక గ్రిల్లులో మూడింట రెండు వంతుల్లోనే పరచండి. మిగతా భాగం ఖాళీగా ఉంచాలి. నూనె చుక్క నిప్పు మీద పడి మంట లేచినప్పుడు, ముక్కను పట్టుకారుతో ఆ ఖాళీ వైపు జరిపితే సరిపోతుంది. నీళ్ళు చల్లితే బూడిద ఎగిరి తిండి మీదే పడుతుంది. మొక్కజొన్న పొత్తుల్ని పొట్టుతోనే పావుగంట నీళ్ళలో నానబెట్టి పెడితే గింజ ఎండిపోకుండా మగ్గుతుంది. చిలగడదుంపలు నిప్పు అంచున పెట్టి తిప్పుతూ ఉండాలి, తొందరపెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి.

ఇప్పుడు రెండో నివురు. భోజనాలయ్యాక గ్రిల్లు తెల్లగా, చల్లారినట్టే ఉంటుంది. కర్రతో కదిపి చూస్తే లోపల కణికలు ఎర్రగా ఉంటాయి. బూడిద అడుగున నిప్పు ఒక రోజు దాకా కూడా బతికి ఉండగలదు. మూత ఉంటే మూసి, కంతలన్నీ మూసేయండి. గాలి అందక ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్ళీ పనికొస్తుంది. మూత లేకపోతే పెద్దవాళ్ళు పట్టుకారుతో కణికల్ని ఒక్కొక్కటిగా బకెట్ నీళ్ళలో వేయాలి. నీళ్ళు తెచ్చి గ్రిల్లులో గుమ్మరించకూడదు: ఆవిరి చేతులు కాలుస్తుంది, పలచటి రేకు వంకర పోతుంది. ఇసుకలో పూడ్చడమూ తప్పే. ఆ ఇసుక చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పైకేమీ కనబడక ఎవరో చెప్పుల్లేకుండా అడుగు వేస్తారు.

చలిగా ఉందని కణికలున్న గ్రిల్లును టెంటులోకో కారులోకో తేకండి. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తు వచ్చి మనిషి నిద్రలోనే ప్రాణం పోగొట్టుకుంటాడు. ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి.

జాలీని మాత్రం వేడి మీదే శుభ్రం చేయాలి. వంట అయ్యాక పది నిమిషాలు నిప్పు మీదే వదిలేస్తే అంటుకున్నదంతా మాడి పెళుసవుతుంది. సగం కోసిన ఉల్లిపాయను పొడవాటి ఫోర్కుకు గుచ్చి ఊచల వెంబడి రుద్దండి, మసి పెచ్చులుగా రాలుతుంది. తీగల బ్రష్ వద్దు. దాని తీగ విరిగి ఊచకు అంటుకుంటే, తర్వాతి వంటలో తిండితో పాటు గొంతులోకి వెళ్తుంది. ఇంటికొచ్చాక కొబ్బరి పీచుతో, సబ్బుతో తోమి, ఎండలో ఆరబెట్టి, ఇనుప జాలీ అయితే పలచగా నూనె రాయండి.

బూడిదను పూర్తిగా చల్లారాకే పారబోయండి. అప్పటిదాకా మూత ఉన్న రేకు డబ్బాలోనే ఉంచాలి, ప్లాస్టిక్ కవరులో వేయకూడదు. గ్రిల్లు మూలల్లో మాత్రం చిటికెడైనా మిగలనివ్వకండి. బూడిద తేమ పీల్చుకుని రేకును అంటిపెట్టుకుంటుంది, మడత గ్రిల్లు అడుగున చిల్లులు పడేది అక్కడే. కంతల మూతలు అటూ ఇటూ తిప్పి చూసి, బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేయండి. మిగిలిన బొగ్గును తడి తగలని డబ్బాలో పెట్టుకోండి. తేమ పట్టిన బొగ్గు రాజుకోదు, పొగే ఎక్కువ వస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య