టేబుల్ మార్పు: విసుగు తీరుతుందా, కిలోలు తగ్గుతాయా?

అమెరికా ఆర్డర్లు తడబడినప్పుడల్లా రొయ్యల ప్లాంట్లలో ఒక పాత వాదన లేస్తుంది. 2025 ఆగస్టు చివర్లో మన సరుకు మీద అక్కడి సుంకం 50 శాతానికి ఎక్కాక నెల్లూరు, ప్రకాశం తీరంలో మళ్ళీ అదే వినిపించింది. ఒలిచిన సరుకు తగ్గి తలతో సహా వెళ్ళే సరుకు పెరిగితే ఒలిచే బల్లలకు పని చాలదు. అలాంటప్పుడు రోజంతా ఒకేచోట నిలబడే ఆడవాళ్ళను రెండు గంటలకోసారి తల తీసే బల్లకూ, సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగుకూ, ప్యాకింగుకూ తిప్పాలంటుంది యాజమాన్యం. టేబుల్ మార్పు అంటే ఇదే. ఒలిచేవాళ్ళు వద్దంటారు.

యాజమాన్యం వైపు మాట చిన్నదే. ఒకే పని చేస్తే విసుగు, మణికట్టు నొప్పి, మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువ. అందరికీ అన్నీ వస్తే ఎవరు రాకపోయినా లైను ఆగదు. ఈ చివరి ముక్కే అసలు కారణమని ఫ్లోర్ మీద ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందులో తప్పేమీ లేదు, దానికి విసుగు పేరు పెట్టడమే ఇబ్బంది.

రెండో వైపు మాట అర్థం కావాలంటే బల్ల మీద జరిగేది చూడాలి. తల తీసిన రొయ్యను ఎడమ చేత్తో పట్టి, కుడి బొటనవేలు కాళ్ళ కిందకు పోనిచ్చి తిప్పితే మొదటి రెండు మూడు కణుపుల పెంకు ఒక్కసారిగా ఊడివస్తుంది. తోక కూడా తీసేసే రకమైతే చివర నొక్కి లాగాలి. నొక్కకుండా లాగితే తోకలోని కండ తెగి పెంకులోనే ఉండిపోతుంది, ఆ రొయ్య విరిగిన సరుకు కింద పోతుంది. తోక ఉంచే రకమైతే చివరి కణుపు దగ్గర ఆగాలి. ఆ తర్వాత వీపు మీద పైపైన గీత గీసి, కత్తి మొనతో నరం లాగాలి. నరమని పిలుస్తారు గానీ అది పేగు. గీత లోతైతే రొయ్య రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది, ఆర్డరు అది కాకపోతే తిరస్కారమే. ఇదంతా కొన్ని సెకన్లలో, ఐసు మీది సరుకుతో, తడి గ్లవుజుల్లో జరగాలి.

కూలి చాలాచోట్ల కిలో లెక్కన. ఇందులో కౌంటు మెలిక ఉంది. 40 కౌంటు అంటే కిలోకు 40 రొయ్యలు, 100 కౌంటు అంటే 100. లెక్క కోసం ఒక్కో రొయ్యకు 6 సెకన్లు అనుకుంటే 40 కౌంటు కిలో సరుకు 4 నిమిషాల్లో అయిపోతుంది, 100 కౌంటుకు 10 నిమిషాలు పడుతుంది. కౌంటును బట్టి రేటు మార్చకపోతే ఒకే రోజు, ఒకే కష్టానికి ఇద్దరికి రెండు రకాల డబ్బులు వస్తాయి. చెయ్యి తిరిగినవాళ్ళు రోజు మొత్తం మీద ఈ ఎగుడుదిగుళ్ళను సర్దుకుంటారు. మధ్యలో రెండు గంటలు గ్రేడింగుకు పొమ్మంటే ఆ సర్దుబాటు తెగిపోతుంది. విసుగు కన్నా ముందు వాళ్ళకు గుర్తొచ్చేది అదే.

ఒకే పని మంచిదా, రకరకాల పనులు మంచివా అన్న చర్చకు వందేళ్ళు దాటింది. ఒక్కో పనికి పట్టే సమయాన్ని కొలిచిన టేలర్ గడియారం, ఒక్కొక్కరికి ఒకే పని అప్పగించిన ఫోర్డు కార్ల లైను, 1914లో ఆయన ప్రకటించిన రోజుకు 5 డాలర్ల కూలి అందరూ చదివినవే. ఈ తీరంలో టైగర్ రొయ్యకు వైరస్ రావడం, తీరంలోని రొయ్యల చెరువుల మీద 1996 సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక చిన్న సైజు సరుకు, దాంతో ఒలిచే చేతుల అవసరం పెరిగాయన్నది మాత్రం గుర్తుంచుకుంటే చాలు. ఇప్పటి గొడవకు అసలు మూలం వేరేచోట, 1953లో, అహ్మదాబాద్‌లో ఉంది.

అక్కడి కాలికో మిల్లు ఆటోమేటిక్ మగ్గాలు తెచ్చింది. యంత్రం కొత్తదైనా దిగుబడీ, గుడ్డ నాణ్యతా అనుకున్నంత పెరగలేదు. పనిచేసే పద్ధతుల మీద పరిశోధించే లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ వచ్చి చూశాడు. 224 మగ్గాలు, 29 మంది, 12 రకాల పనులు. నేతగాడికి 24 లేదా 32 మగ్గాలు, దారం బాబిన్లు నింపేవాడికి 40 నుంచి 50, మగ్గాలు సరిచేసే జాబరుకు 112, నూనె వేసేవాడికి మొత్తం 224. చూడటానికి శాస్త్రీయంగానే ఉంది. కానీ బాబిన్లు నింపేవాడి 45 మగ్గాల్లో కొన్ని ఒక నేతగాడివి, మిగతావి ఇంకొకడివి. దారం తెగి గుడ్డ పాడైతే ఎవరి తప్పో తేలదు. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేస్తున్నారు, గుడ్డ మాత్రం ఎవరిదీ కాదు.

రైస్ ఇచ్చిన సలహా ఒక గుంపుకు కొన్ని మగ్గాలు పూర్తిగా అప్పగించమని: 7 మందికి 64 మగ్గాలు. ఎవరు ఏ గుంపులో ఉండాలో కార్మికులే తేల్చుకున్నారు. గుంపులో ఒకరి పని ఒకరు అందుకున్నారు. కుదురుకున్నాక మగ్గాల సామర్థ్యం సుమారు 80 నుంచి 95 శాతానికి చేరింది, పాడైన గుడ్డ 32 శాతం నుంచి 20కి దిగింది.

టేబుల్ మార్పును సమర్థించేవాళ్ళు చూపించే ఫలితం సరిగ్గా ఇలాంటిదే: పనులు మార్చారు, ఫలితం వచ్చింది. అది సగం చదువే. అక్కడ ముందు మారింది మగ్గం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు, ఎవరితో పనిచేయాలన్న ఎంపిక. పనుల మార్పిడి వాటి వెనక వచ్చింది. తర్వాత టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ అదే మిల్లుకు మళ్ళీ వెళ్ళి చూసి 1975లో రాశాడు. 1970 నాటికి ఒక షెడ్డులో పద్ధతి దాదాపు అలాగే నిలిచింది, ఆటోమేటిక్ మగ్గాల దగ్గర చాలావరకు చెదిరిపోయింది. ఒకసారి పెట్టేస్తే తనంతట తాను నడిచే పద్ధతి కాదది.

1965లో అమెరికాలో టర్నర్, లారెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 11 కంపెనీల్లో 47 రకాల పనులు చేసే 470 మందిని పరిశీలించారు. పనిలో వైవిధ్యం ఉంటే తృప్తి ఉంటుందని తేలుతుందనుకున్నారు. చిన్న ఊళ్ళ ఫ్యాక్టరీల్లో అలాగే తేలింది, నగరాల్లో తేలలేదు. దీన్ని పట్టుకుని "మనవాళ్ళు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళే కదా, వాళ్ళకు వైవిధ్యం నచ్చుతుంది" అనడం తొందరపాటు. అక్కడి చిన్న ఊళ్ళ కార్మికుడికీ, మేస్త్రి పిలిస్తే వచ్చే నెల్లూరు దగ్గరి ఇందుకూరుపేట ఒలుపు కూలికీ పోలిక పెట్టడానికి ఊరి సైజు ఒక్కటే సరిపోదు.

1976లో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు దీన్ని, ఒక పని మనిషికి ఎంత ఉత్సాహమిస్తుందో కొలిచే సూత్రంగా మార్చారు. వైవిధ్యం, పని మొదలు నుంచి చివరిదాకా తనదనిపించడం, దాని ప్రాధాన్యం: ఈ మూడింటి సగటును స్వేచ్ఛతో, చేసిన పని ఫలితం తెలియడంతో గుణించాలి. ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ 7 మార్కులు. ఒలుపు బల్లకు ఉజ్జాయింపుగా వేసి చూద్దాం. వైవిధ్యం 2, తనదనిపించడం 3, ప్రాధాన్యం 4, సగటు 3. స్వేచ్ఛ 2. టబ్బు తూకానికి వెళ్ళిన ప్రతిసారీ ఎన్ని కిలోలో తెలుస్తుంది కాబట్టి ఫలితం తెలియడానికి 6. మొత్తం 36. ఇప్పుడు నాలుగు బల్లలు తిప్పుదాం. వైవిధ్యం 5కు ఎక్కుతుంది, సగటు 4 అవుతుంది. స్వేచ్ఛ అదే 2, తిప్పేది సూపర్‌వైజరే కదా. సొంత తూకం పోయి అందరి లెక్కలో కలిసిపోతే ఫలితం తెలియడం 4కు పడుతుంది. మొత్తం 32. వైవిధ్యం రెట్టింపు దాటినా మార్కు తగ్గింది. గుణించే బదులు ఉత్తగా కూడినా సరిపోతుందని తర్వాతి పరిశోధకులు అన్నారు. అలా కూడితే 17 కాస్తా 18 అవుతుంది. ఇంత తిప్పుడుకూ ఒక్క మార్కు.

నొప్పి వాదన మాత్రం నిజమైనదే, దాన్ని తోసిపుచ్చలేం. అయితే ఏ బల్ల నుంచి ఏ బల్లకు అన్నది చూడాలి. తల తుంచడానికీ, పెంకు తీయడానికీ వాడేది ఒకే బొటనవేలు, ఒకే మణికట్టు. ఆ రెండింటి మధ్య తిప్పితే చేతికి విశ్రాంతి లేదు, పుస్తకంలో మాత్రం మార్పు జరిగినట్టుంటుంది. గ్రేడింగులో భారం కళ్ళ మీదా, నిలబడే కాళ్ళ మీదా పడుతుంది. ప్యాకింగులో నడుం మీద. చేతికి ఊరట కావాలంటే ఒలుపు నుంచి గ్రేడింగుకు తిప్పాలి, తల బల్లకు కాదు. పచ్చి సరుకు హాలు నుంచి ఉడికించిన సరుకు వైపు తిప్పడం అసలు కుదరదు. ఏప్రాన్, టోపీ, గ్లవుజులు మార్చి, చేతులు కడిగి, క్లోరిన్ నీళ్ళలో బూట్లు ముంచి వెళ్ళినా, ఒకే షిఫ్టులో అటూ ఇటూ తిరిగితే పచ్చి సరుకు క్రిములు తినడానికి సిద్ధమైన సరుకులోకి చేరే ముప్పు ఉంటుంది. మార్పు పట్టిక రాసేవాళ్ళు ముందు హాలు మ్యాపు చూసుకోవాలి.

పోలికకు ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగు చూడొచ్చు. అదీ సీజనంతా ఒకే పని: ఆకు రంగు చూడటం, మొక్కలో ఏ ఎత్తు ఆకో చూడటం, కుప్పలో వేయడం. కూర్చుని, పక్కనున్న మనిషితో మాట్లాడుతూ చేస్తారు. మాస్కు కట్టుకుని, నీళ్ళ మోతలో నిలబడే రొయ్యల హాల్లో ఆ వెసులుబాటు లేదు. విసుగు ఎక్కడి నుంచి వస్తోందో అడిగితే పని కన్నా ముందు ఈ జవాబు రావచ్చు.

పని మార్చినప్పుడు కూలి ఎంతన్నది చట్టం ఎప్పుడో పట్టించుకుంది. 1948 కనీస వేతనాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, వేర్వేరు కనీస రేట్లున్న రెండు రకాల పనులు ఒకే మనిషి చేత చేయిస్తే, ఏ పనిలో ఎంతసేపు ఉంటే అంతసేపటికి ఆ పని రేటుకు తగ్గకుండా ఇవ్వాల్సి ఉండేది. 17వ సెక్షన్ ప్రకారం, కనీస వేతనం గంటల లెక్కన మాత్రమే ఖరారై ఉంటే, కిలో లెక్కన చేసినా దానికి తగ్గకూడదని ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ రెండు నిబంధనలున్నాయి.

కానీ ఇది నేల ఎక్కడో చెబుతుందే తప్ప, దానికి పైన ఉన్న ఖాళీని పూరించదు. చెయ్యి తిరిగిన మనిషి కిలో లెక్కన కనీస వేతనం కన్నా ఎక్కువ తెచ్చుకుంటోందనుకుందాం. రెండు గంటలు గ్రేడింగుకు పంపితే ఆ సమయానికి కనీస రేటు ఇస్తే చట్టం సరిపోయినట్టే. పోయిన కిలోల సంగతి దానికి పట్టదు. ఆ రెండు గంటలకు ఆమె గతవారం గంటకు తెచ్చుకున్న సగటు కూలి వేస్తారా, గ్రేడింగు రేటే వేస్తారా? ఒలుపు కూలీలు అడుగుతున్నది సగటు. యాజమాన్యాలు ఒప్పుకుంటున్నది రేటు. చాలా ప్లాంట్ల తూకం పుస్తకంలో ఆ రెండు గంటలకు అసలు గడే లేదు. టోకెన్ నెంబరు, కౌంటు, కిలోలు, అంతే.