చుండూరులో కాలు తగిలిన తర్వాత

1991 జులైలో గుంటూరు జిల్లా చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది. తర్వాత దళితులను సాంఘికంగా బహిష్కరించారు, పనుల్లోకి పిలవడం మానేశారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు.

కాలు తగలడం ఒక సాకు మాత్రమే. ఆ ఊరి దళితవాడలో అప్పటికే చదువుకున్నవాళ్లు పెరిగారు. కొందరికి రైల్వేలో ఉద్యోగాలు వచ్చాయి. ఆసాముల పొలం మీదే ఆధారపడి బతకాల్సిన అవసరం తగ్గింది. తేడా తగ్గుతున్న కొద్దీ పైవాళ్లలో కసి పెరిగింది.

ఇది విచిత్రంగా అనిపిస్తుంది గానీ, మనస్తత్వ శాస్త్రానికి కొత్త కాదు. 1970 ప్రాంతంలో బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే శాస్త్రవేత్త బడి పిల్లలను ఏ ఆధారమూ లేకుండా రెండు గుంపులు చేశాడు. ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చినవాళ్లు ఒకవైపు, ఇంకొకరివి నచ్చినవాళ్లు మరోవైపు అని వాళ్లకు చెప్పాడు. ఎవరు ఏ గుంపో వాళ్లలో వాళ్లకు తెలియదు, పాత పగలు లేవు. అయినా డబ్బులు పంచమంటే తమ గుంపుకే మొగ్గారు. అంతకన్నా కలవరపెట్టే సంగతి ఇంకోటుంది: అవతలివాళ్ల కంటే పైచేయి ఉంటుందంటే, తమవాళ్లకు వచ్చే మొత్తం తగ్గినా ఒప్పుకున్నారు.

అయితే కులం అలాంటి తాత్కాలికమైన గుంపు కాదు. దాని వెనక భూమి ఉంది, నీళ్లున్నాయి, పెళ్లిళ్లున్నాయి, వందల ఏళ్ల అలవాటుంది. అందుకే "అందరూ కలిసి మెలిసి ఉంటే సరిపోతుంది" అనే మాట నాకు చాలదనిపిస్తుంది. ఎలా కలుస్తున్నారన్నదే ముఖ్యం. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా యువకులతో క్రికెట్ పోటీలు పెట్టించాడు. వేరే కులాలవాళ్లతో ఒకే జట్టులో ఆడినవాళ్లకు ఆ కులాల్లో స్నేహితులు పెరిగారు. ప్రత్యర్థులుగా ఆడితే మాత్రం ఆ ఫలితం రాలేదు.

మరి చట్టం? 1985లో కారంచేడులో ఆరుగురు దళితుల హత్య దేశాన్ని కుదిపింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అది అమల్లోకి వచ్చిన ఏడాదిన్నరకే చుండూరు జరిగింది. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014లో హైకోర్టు వాళ్లందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఎనిమిది కుటుంబాల ముఖం చూసి చట్టం పనిచేసిందని ఎవరు చెప్పగలరు?

అలాగని చట్టం దండగ అనలేను. 2015లో అమెరికా సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలను గుర్తించినప్పుడు ఇద్దరు పరిశోధకులు జనాభిప్రాయాన్ని పరిశీలించారు. తీర్పుతో జనం సొంత అభిప్రాయాలు మారలేదు. కానీ "చుట్టూ ఉన్నవాళ్లు దీన్ని ఒప్పుకుంటున్నారు" అనే అంచనా పెరిగింది. చట్టం బలం అక్కడే ఉందని నా నమ్మకం. నలుగురూ మెచ్చుకుంటారన్న ధైర్యంతో చేసే పనికి ఆ ధైర్యాన్నే అది తీసేయగలదు. శిక్ష ఎంత పెద్దదన్న దానికన్నా, పడటం ఖాయమా కాదా అన్నదే నేరాన్ని ఎక్కువగా ఆపుతుందని నేరశాస్త్రం కూడా చెబుతోంది. మన దగ్గర లోటు అక్కడే: 2022లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద విచారణ ముగిసిన కేసుల్లో శిక్షలు పడింది సుమారు మూడో వంతులోనే.

2015 సవరణ ఈ దారిలో కొంత నడిచింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరం చేసింది. ఫిర్యాదు నమోదు చేయని అధికారి కూడా శిక్షార్హుడని స్పష్టంగా రాసింది. చార్జిషీటు పడ్డాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగించాలంది. చుండూరులో చంపడానికి ముందు వారాల తరబడి బహిష్కరణ నడిచింది. ఆ దశలోనే కేసు పెట్టి, నలుగురిని అరెస్టు చేసే స్టేషన్ ప్రతి మండలంలో ఉండాలి. ఫిర్యాదుకీ ఎఫ్‌ఐఆర్‌కీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో జిల్లాలవారీగా ఏటా బయటపెట్టాలి.